అద్దె గదిలో కుర్చీ: లండన్‌లో వలస కుటుంబాల ఇంటి చరిత్ర

1

'ఫర్నిష్డ్' అనే మాటను మనం సౌకర్యానికి మారుపేరుగా వాడుతున్నాం. పెళ్ళాం బిడ్డలతో పరాయి దేశానికి బయలుదేరిన మనిషికి మొదటి కొద్ది వారాలకో నెలలకో మంచం, పరుపు, బల్ల, కుర్చీ, పొయ్యి, గిన్నెలతో సహా అద్దెకు దొరికే ఇల్లు ఒక ఆదరణలాగే కనిపిస్తుంది. కొత్తచోట సామాను కొనుక్కునే ఖర్చూ శ్రమా తప్పాయి గదా అనుకుంటాం. కానీ ఇటువంటి ఇళ్ళకు పెట్టింది పేరయిన లండన్ నగరంలో ఆ మాట చరిత్ర తిరగేస్తే వేరే సంగతి బయటపడుతుంది. 1915 నుంచి 1974 దాకా, దాదాపు అరవై ఏళ్ళపాటు, గదిలో కుర్చీ వుంటే అందులో అద్దెకున్న మనిషికి చట్టం ఇచ్చే రక్షణ తగ్గిపోయేది. కుర్చీ లేని గదిలో వున్నవాణ్ణి కదిలించటం కష్టం. కుర్చీ వున్న గదిలోవాణ్ణి కొద్ది రోజుల నోటీసుతో వీధిలోకి పంపవచ్చు. ఇంటి యజమానులు ఈ తేడాను బాగా గుర్తించారు. వలస వచ్చిన కుటుంబాలు దాన్ని అనుభవించాయి.

సాహిత్య పత్రికలో అద్దె చట్టాల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇరవయ్యో శతాబ్దపు వలస సాహిత్యంలో పెద్ద భాగం ఇటువంటి గదుల గురించి వచ్చింది. మన విమర్శకులు ఆ నవలలను చదివినప్పుడల్లా ఒంటరితనం, పరాయీకరణ, అస్తిత్వ వేదన, మాతృభూమి మీద బెంగ అనే మాటల దగ్గరే ఆగిపోతున్నారు. ఆ వేదన అబద్ధమని నేను అనటం లేదు. దానికి ఒక భౌతిక పునాది వుంది. ఆ పునాదిని వారపు అద్దెలోనూ, నోటీసు గడువులోనూ, పిల్లలున్న వారికి ఇవ్వబడదు అనే బోర్డులోనూ వెతకాలి. గది చరిత్ర తెలియకుండా ఆ గదిలో కూర్చున్న పాత్ర మనస్సును విశ్లేషించటం అసంపూర్ణమైన విమర్శ అవుతుంది. అందుకే ఈ వ్యాసం.

2

లండన్ సామ్రాజ్య రాజధానిగా వున్న కాలంలో మన దేశం నుంచి రెండు రకాల వాళ్ళు ఒకే ఓడలో అక్కడికి చేరేవారు. మొదటి రకం సెలవు మీదో, ఉద్యోగ విరమణ తర్వాతో తిరిగి వచ్చే ఇంగ్లీషు అధికారుల కుటుంబాలు. వీరిలో చాలామంది పశ్చిమ లండన్‌లోని బేస్‌వాటర్ పేటలో దిగేవారు. తూర్పు దేశాల నుంచి వచ్చినవాళ్ళు అక్కడ అంతగా గుమిగూడారు గనుక ఆ ప్రాంతానికి 'ఏషియా మైనర్' అనే ఎగతాళి పేరు కూడా వచ్చింది. వీళ్ళకు సామాన్లతో సహా దొరికే ఇల్లు నిజంగానే సౌకర్యం. సెలవు అయిపోగానే తిరిగి వెళ్ళిపోతారు. సొంత సామాను కొనవలసిన పనిలేదు. వాళ్ళకు తాత్కాలికత అనేది తాము కోరుకున్న ఏర్పాటు.

రెండో రకం ఆ కుటుంబాల పిల్లలను సముద్ర ప్రయాణం పొడుగునా సాకుతూ వచ్చిన ఆయాలు. ఓడ దిగాక కొందరికి తిరుగు ప్రయాణం టిక్కెట్టు దొరికేది. కొందరిని రేవులో దిగగానే వదిలించుకునేవారు. అటువంటి ఆడవాళ్ళ కోసం మొదట ఆల్డ్‌గేట్‌లో, 1900 నుంచి హాక్నీలోని కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులో 'ఆయాస్ హోమ్' నడిచింది. దాన్ని ఒక క్రైస్తవ మిషను చూసేది. మళ్ళీ ఏ ఇంగ్లీషు కుటుంబమైనా ఇండియా వెళ్ళేదాకా, వాళ్ళ పిల్లలను చూసుకునే పని దొరికేదాకా ఆయాలు అక్కడ ఎదురుచూసేవారు. 2022లో ఆ ఇంటి గోడకు స్మారక ఫలకం పెట్టారు. లాస్కర్లని పిలవబడిన మన నావికుల కోసం లైమ్‌హౌస్‌లో 1857లోనే మరొక శరణాలయం తెరిచారు. దాని పేరులోనే ఆసియావాసులూ ఆఫ్రికావాసులూ దక్షిణ సముద్ర దీవులవారూ 'అపరిచితులు'గా నమోదయ్యారు.

ఒకే ఓడ, ఒకే రేవు. యజమానురాలికి బేస్‌వాటర్‌లో ఇల్లు, ఆయాకు హాక్నీలో పడక. తాత్కాలిక వసతి అనే మాటకు ఒకే అర్థం ఎన్నడూ లేదని ఇక్కడే గుర్తించాలి. తిరిగి వెళ్ళగల శక్తి వున్నవాడి తాత్కాలికత వేరు. వెళ్ళనూ లేక, వుండనూ లేక మధ్యలో నిలబడినవాడి తాత్కాలికత వేరు.

ఈ రెంటికీ నడుమ మన విద్యార్థులున్నారు. 1888లో వెళ్ళిన గాంధీ మొదట హోటలు, తర్వాత ఒక కుటుంబంలో అద్దె భోజనం, తర్వాత రెండు గదులు, చివరికి ఖర్చు తగ్గించుకునేందుకు ఒకే గదీ ఒక స్టవ్వూ, ఇలా మారిన వరుసను ఆత్మకథలో లెక్కతో సహా రాశాడు. 1938లో అచ్చయిన సజ్జాద్ జహీర్ ఉర్దూ నవలిక 'లండన్ కీ ఏక్ రాత్' ఒక భారతీయ విద్యార్థి అద్దె గది చుట్టూ, ఒక్క రాత్రిలో నడుస్తుంది. జహీర్, ముల్క్‌రాజ్ ఆనంద్ ప్రభృతులు 1934లో లండన్‌లోని ఒక చైనా హోటల్లో సమావేశమై అభ్యుదయ రచయితల సంఘానికి బీజం వేశారని మనం గర్వంగా చెప్పుకుంటాం. వాళ్ళంతా ఏ రకం గదుల నుంచి లేచి ఆ సమావేశానికి వచ్చారో కూడా తెలుసుకోవటం మంచిది.

3

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. దానికి లండన్ వదిలి కొంచెం ఉత్తరంగా, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరానికి వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయుధ కర్మాగారాలకూ ఓడల కార్ఖానాలకూ వేలాది కార్మికులు వచ్చి చేరారు. ఇళ్ళ కొరత చూసి యజమానులు అద్దెలు పెంచారు. మగవాళ్ళు కొందరు యుద్ధంలో, కొందరు కార్ఖానాల్లో వుండగా గోవన్ పేట స్త్రీలు మేరీ బార్బర్ నాయకత్వంలో అద్దె కట్టటం మానేశారు. ఖాళీ చేయించటానికి వచ్చిన అమీనాలను మెట్ల మీదనే ఎదుర్కొన్నారు. 1915 నవంబరు 17న అద్దె బాకీల కేసు విచారణకు వచ్చిన రోజు ఓడల కార్ఖానాల కార్మికులు పని వదిలి కోర్టు ముందుకు కదిలారు. నెల తిరిగేసరికి పార్లమెంటు అద్దెల నియంత్రణ చట్టం చేసింది. చట్టం కిందికి వచ్చే ఇళ్ళ అద్దెలను 1914 ఆగస్టు నాటి స్థాయిలో ఆపింది. కార్మిక స్త్రీలు సాధించిన ఘన విజయాల్లో ఇది ఒకటి.

ఆ చట్టంలోనే ఒక చిన్న కన్నం వుంది. భోజనానికిగాని, పరిచర్యకుగాని, సామాను వాడకానికిగాని డబ్బు కలిపి అద్దె తీసుకునే ఇళ్ళకు ఈ చట్టం వర్తించదని అందులో రాశారు. హోటళ్ళనూ, పూటకూళ్ళ ఇళ్ళనూ, సెలవు మీద వచ్చే పెద్దమనుషుల ఇళ్ళనూ మినహాయించటం కోసం అన్నట్లు కనిపించే వాక్యమది. యజమానులు దాన్ని మరో విధంగా చదివారు. గదిలో ఏదో ఒక సామాను పడేస్తే చాలు, ఇల్లు చట్టం చేతిలో నుంచి జారిపోతుంది.

ఎంత సామాను వుంటే 'సామాన్లతో కూడిన' ఇల్లు? ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. కొద్దిపాటి సామాను వున్నా సరిపోతుందనే తీర్పు 1923లో వచ్చింది. ఆ ఏడే పార్లమెంటు మరో చట్టం చేసి, మొత్తం అద్దెలో సామాను వాడకానికి చెందే వాటా 'గణనీయం'గా వుంటేనే మినహాయింపు అని సవరించింది. మరి 'గణనీయం' అంటే ఎంత? 1948లో ప్రభువుల సభ న్యాయమూర్తులు కూర్చుని ఆ ఒక్క విశేషణానికి అర్థం తేల్చవలసి వచ్చింది. మాటల ఛాయల కోసం తపించే మనం ఈ కథను ఒకసారి తలచుకోవాలి. ఒక నిఘంటువు సమస్య మీద కొన్ని వేల కుటుంబాల కప్పు ఆధారపడింది.

1946లో లేబర్ ప్రభుత్వం సామాన్ల గదుల అద్దెలు పరిశీలించటానికి ట్రిబ్యునళ్ళు ఏర్పాటు చేసింది. అద్దెకున్నవాడు ఫిర్యాదు చేస్తే అద్దె తగ్గించేవారు, ఖాళీ చేయించకుండా కొన్ని నెలల గడువు ఇచ్చేవారు. ఆ గడువు అయిపోతే? ఫిర్యాదు చేసిన మనిషి వీధిలో వుంటాడు. అందుచేత చాలామంది ఫిర్యాదు చెయ్యనే లేదు.

4

ఈ నేపథ్యంలో 1948 జూన్ 22న 'ఎంపైర్ విండ్‌రష్' ఓడ టిల్బరీ రేవుకు వచ్చింది. అందులో వచ్చిన జమైకా తదితర దీవుల వాళ్ళలో బస లేని సుమారు 230 మందిని క్లాపమ్ సౌత్‌లో యుద్ధకాలంలో నేల కింద తవ్విన ఆశ్రయంలో పడుకోబెట్టారు. బ్రిటన్‌కు శ్రామికులు కావాలి. రైళ్ళకు, బస్సులకు, ఆసుపత్రులకు, బట్టల మిల్లులకు మనుషులు కావాలి. ఆ మనుషులు పని ముగిశాక ఎక్కడ పడుకుంటారన్నది ఎవరి లెక్కలోనూ లేదు. తర్వాతి సంవత్సరాల్లో పంజాబు, గుజరాతు, సిల్హెట్ ప్రాంతాల నుంచి మనవాళ్ళూ ఇదే దారిలో వెళ్ళారు.

వాళ్ళ ముందు మూడు తలుపులుండేవి. మొదటిది మునిసిపాలిటీ కట్టించిన ఇళ్ళు. ఆ ఊళ్ళో కొన్నేళ్ళు నివసించి వుండాలనే నిబంధనతో ఆ తలుపు మూసుకుంది. బర్మింగ్‌హామ్‌లో ఆ గడువు అయిదేళ్ళు. జాన్ రెక్స్, రాబర్ట్ మూర్ ఆ నగరంలోని స్పార్క్‌బ్రూక్ పేటను పరిశీలించి 1967లో ప్రచురించిన గ్రంథంలో ఇది వివరంగా వుంది. రెండోది అప్పు తీసుకుని ఇల్లు కొనుక్కోవటం. కొత్తగా వచ్చినవాడికి అప్పు పుట్టదు. మిగిలిన మూడో తలుపు సామాన్లతో కూడిన అద్దె గది. ఆ తలుపు మీద కూడా నల్లవారికి ఇవ్వబడదు అనే కాగితం వేలాడేది. పత్రికలమ్మే దుకాణాల అద్దాలకు అంటించిన ప్రకటనల్లో ఇది మామూలు మాట. పిల్లలున్న వారికి ఇవ్వబడదు అన్నది దానికి తోడు. ఒంటరి శ్రామికుడు ఎలాగో ఒకలా తల దూర్చుకున్నా, భార్యాబిడ్డలు వచ్చిన రోజు నుంచి రెండు కాగితాలూ అతనికి అడ్డం పడేవి.

1957లో కన్సర్వేటివ్ ప్రభుత్వం కొత్త చట్టంతో పెద్ద ఇళ్ళనూ, కొత్తగా అద్దెకిచ్చే ఇళ్ళన్నిటినీ నియంత్రణ నుంచి తప్పించింది. పాతవాళ్ళు ఖాళీ చేస్తే చాలు, అదే ఇంటికి ఎంత అద్దెయినా వసూలు చెయ్యవచ్చు. నాటింగ్‌హిల్, పాడింగ్టన్ పేటల్లో పీటర్ రాక్మన్ అనే యజమాని పాత అద్దెదారులను బెదిరించి వెళ్ళగొట్టి, ఒక్కొక్క ఇంటిని గదులుగా చీల్చి, ఎవ్వరూ ఇల్లివ్వని వలస కుటుంబాలకు హెచ్చు అద్దెకిచ్చాడు. అతని పేరు మీద 'రాక్మనిజం' అనే పదం ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. అతనూ పోలండు నుంచి వచ్చిన శరణార్థే. స్పార్క్‌బ్రూక్‌లో కూడా పెద్ద పాత ఇళ్ళు కొని గదులుగా అద్దెకిచ్చిన వారిలో పాకిస్తానీలున్నారు. వలస వచ్చినవాడు వలస వచ్చినవాడికి అద్దెకిచ్చాడు. దీన్ని ఫలానా జాతి దుర్మార్గమని చెప్పటం తప్పు. మిగతా తలుపులన్నీ మూసిన వ్యవస్థ ఒక్క సందు వదిలింది. ఆ సందులో నుంచి లాభం పిండుకునేవాడు ఎవడో ఒకడు తయారవుతాడు.

ఇప్పుడు నవలలు చదవండి. శామ్ సెల్వన్ 'ది లోన్లీ లండనర్స్' 1956లో వచ్చింది. పాత అధికారుల 'ఏషియా మైనర్' అయిన ఆ బేస్‌వాటర్‌లోనే అతని మోజెస్ నేలమాళిగ గదిలో వుంటాడు. తల్లి ఒక్కతే వస్తుందని వాటర్లూ స్టేషనుకు వెళ్ళిన టోల్రాయ్‌కి మొత్తం కుటుంబం రైలు దిగి ఎదురవుతుంది. పాఠకులు నవ్వుకునే దృశ్యమది. ఇంతమందికి ఏ ఇంటివాడు గదిస్తాడనే భయం తెలిస్తే ఆ నవ్వు గొంతులో పడుతుంది. 1949లో రొడీషియా నుంచి చిన్న కొడుకుతో వచ్చిన డోరిస్ లెసింగ్ తన బసల వేటను 'ఇన్ పర్స్యూట్ ఆఫ్ ది ఇంగ్లిష్' (1960)లో రాసింది. ఆమె తెల్లజాతి స్త్రీ. అయినా చంకలో బిడ్డ వుంటే తలుపులు ఎలా మూసుకుంటాయో ఆమెకూ తెలిసింది. నైజీరియా రచయిత్రి బూచీ ఎమెచెతా 'సెకండ్ క్లాస్ సిటిజన్' (1974)లో ఆదా అనే తల్లి గది కోసం ఫోను చేసేటప్పుడు తన ఆఫ్రికా యాస తెలియకుండా గొంతు మార్చుకుని మాట్లాడుతుంది. తీరా మనిషిని చూశాక, గది ఇప్పుడే అద్దెకు పోయిందని ఇంటావిడ అంటుంది. ఆదా తన యాసను ఎందుకు దాచుకుంది? అస్మితా సంక్షోభం వల్ల అని రాసే విమర్శకుడు సగమే చెప్పినట్లు. పిల్లలను పడుకోబెట్టేందుకు ఒక గది కావాలి గనుక దాచుకుంది.

5

గది గురించిన చట్టాలు ఎలా మారాయో కూడా చూడాలి. 1965లో లేబర్ ప్రభుత్వం అద్దెదారులకు మళ్ళీ రక్షణ ఇచ్చింది. అయితే సామాన్లు లేని ఇళ్ళకు మాత్రమే. అదే సంవత్సరం వచ్చిన జాతి సంబంధాల చట్టం హోటళ్ళు, సినిమాహాళ్ళ వంటి బహిరంగ ప్రదేశాలకు పరిమితమైంది. 1967లో ఒక పరిశోధక బృందం ఇంగ్లీషు, హంగేరియన్, వెస్టిండియన్ మనుషులను ఒకరి తర్వాత ఒకరిని అవే గదులకు పంపి పరీక్షించి చూసింది. హంగేరియన్ కూడా విదేశీయుడే, యాసతో మాట్లాడేవాడే. అయినా అత్యధిక సందర్భాల్లో తిరస్కరణ వెస్టిండియన్‌కే ఎదురైంది. తర్వాత 1968 చట్టం ఇళ్ళకు కూడా వర్తించింది. కాని యజమాని తానూ అదే ఇంట్లో వుంటూ వంటిల్లో స్నానాలగదో పంచుకునే చిన్న ఇళ్ళను వదిలేసింది. కొత్తగా వచ్చిన మనిషి మొట్టమొదట తట్టే తలుపు సరిగ్గా అదే.

1974 ఆగస్టులో ఎట్టకేలకు సామాన్ల ఇళ్ళకూ పూర్తి రక్షణ వచ్చింది. ఇంట్లోనే కాపురమున్న యజమానులకు మినహాయింపు మిగిలింది. కుర్చీ మహిమ అక్కడితో ముగిసింది. యజమానుల తెలివి ముగియలేదు. విహారయాత్రికులకు ఇచ్చే ఇల్లని ఒప్పందంలో రాయించుకోవటం మొదలైంది. సంవత్సరాల తరబడి ఉద్యోగం చేసుకునే కుటుంబం కాగితం మీద విహారానికి వచ్చినట్లు సంతకం పెట్టింది. మరికొందరు 'అద్దె' అనే మాట తీసేసి 'అనుమతి' అని రాశారు. కాగితం మీద ఏ పేరు పెట్టినా, ఒక మనిషికి డబ్బు తీసుకుని ఒక గడువుకు గదిని పూర్తిగా అప్పగిస్తే అది అద్దె ఒప్పందమేనని 1985లో ప్రభువుల సభ 'స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫర్డ్' కేసులో తేల్చింది. అదీ సామాన్ల గదుల తగాదాయే. మూడేళ్ళు గడిచేసరికి థాచర్ ప్రభుత్వం 1988 చట్టంతో స్వల్పకాలిక అద్దె పద్ధతి తెచ్చింది. 1997 నుంచి అదే మామూలు పద్ధతి అయింది. గడువు ముగిశాక కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. ఒకప్పుడు సామాన్ల గదికి మాత్రమే వున్న అభద్రత దాదాపు ప్రతి కొత్త అద్దె ఇంటికీ పాకింది. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన చట్టం కారణం లేని ఖాళీ నోటీసులను రద్దు చేసింది. ఇంగ్లండ్‌లో దాని అమలుకు ప్రభుత్వం 2026 మే 1ని తేదీగా పెట్టింది. గ్లాస్గో స్త్రీల నుంచి లెక్క వేస్తే నూట పది సంవత్సరాలు.

ఈ కాలమంతా పిల్లలున్న పేద వలస కుటుంబాలు ఎక్కడున్నాయి? 1977 చట్టం ఇల్లులేని కుటుంబాలకు ఇల్లు చూపించే బాధ్యత మునిసిపాలిటీల మీద పెట్టింది. ఇళ్ళు లేవు గనుక వాళ్ళను చౌక హోటళ్ళలో పెట్టారు. కొద్ది రోజులకని పెట్టినవాళ్ళు నెలలు, సంవత్సరాలు వున్నారు. 1984 నవంబరులో లండన్‌లోని గ్లౌస్టర్ ప్లేస్‌లో అటువంటి హోటల్ ఒకటి అంటుకుని బంగ్లాదేశ్‌కు చెందిన ఒక తల్లీ ఇద్దరు పిల్లలూ చనిపోయారు. ఇల్లులేని కుటుంబాలు కదిలి వెళ్ళి కామ్డెన్ టౌన్‌హాలును ఆక్రమించాయి. 1987లో టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ ఇంకో అడుగు వేసింది. బంగ్లాదేశ్‌లో వున్న ఇల్లు వదిలి వచ్చారు గనుక ఈ కుటుంబాలు బుద్ధిపూర్వకంగా నిరాశ్రయులైనట్లేనని వాదించింది. భర్త దగ్గరకు భార్య రావటాన్ని ఇల్లు చేజేతులా పోగొట్టుకోవటంగా లెక్కించిన తర్కమది.

6

తెలుగువాళ్ళకు ఈ చరిత్రతో సంబంధమేమిటి? మన మొదటి పెద్ద సముద్ర వలసల్లో బర్మా ఒకటి. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి రంగూన్ వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళకు 'కోరంగీలు' అనే పేరు పడింది. కిక్కిరిసిన బసల్లో వరుసగా పడుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మగవాళ్ళే. 1930 మేలో అల్లర్లు జరిగినప్పుడు దెబ్బతిన్నది ముఖ్యంగా ఈ రేవు కూలీలే. కండలు కావాలి, కాపురం వద్దు అన్నది అక్కడి పద్ధతి. అందుకని ఇంటి సమస్య ఎదురే కాలేదు.

ఇవాళ హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి లండన్ వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కుటుంబంతోనే వెళ్తున్నాడు. 2018లో మా అమ్మాయీ అల్లుడూ వాళ్ళ ఏడేళ్ళ పాపా అలాగే వెళ్ళారు. నేను వెనకాల వెళ్ళి మూడు నెలలు వున్నాను. కంపెనీ మొదటి నెలకు సకల సామాన్లతో ఒక ఫ్లాటు చూపించింది. కంపెనీ పేరు మీద తీసుకున్న ఇల్లది. 1988 చట్టం ప్రకారం రక్షణ దొరకాలంటే అద్దెదారు మనిషై వుండాలి. కాపురం చేసేది మావాళ్ళు, కాగితం మీద అద్దెదారు కంపెనీ. నెల తర్వాత సొంతంగా వెతుక్కోవటం మొదలైంది. బడిలో సీటుకు చిరునామా కావాలి. చిరునామాకు ఇంటి ఒప్పందం కావాలి. ఒప్పందానికి బ్యాంకు ఖాతా కావాలి. ఖాతాకు మళ్ళీ చిరునామా కావాలి. స్థానికంగా అప్పులు తీర్చిన చరిత్ర లేదు గనుక ఆరునెలల అద్దె ముందే కట్టమని ఒక ఏజెంటు అడిగాడు. 2025 చట్టం ఒక నెలకు మించి అలా అడగరాదంటున్నది. అప్పట్లో అడ్డేమీ లేదు. మావాళ్ళు ఇక్కడి బంగారం మీద అప్పు తెచ్చి కట్టారు.

దిగేనాడు సామాన్ల జాబితా పదకొండు పేజీలు ఇచ్చి ప్రతి పేజీకీ సంతకం అడిగారు. ఫోర్కులు ఆరు, సీసా బిరడా లాగే మర ఒకటి, గోడ మీద గీతలు రెండు, కార్పెట్ మీద మరక ఒకటి. మా అమ్మాయి మొత్తం చదివి, "నాన్నా, ఈ ఇంట్లో మనది పోపులడబ్బా ఒక్కటే" అంది. ఆ పోపులడబ్బా కూడా నిరపాయమైన వస్తువు కాదు. ఇళ్ళలో కూర వాసన మిగిలిపోతుందనే పేరుతో ఆసియావాసులకు అద్దెకివ్వవద్దని కెంట్ ప్రాంతంలో వందల ఇళ్ళున్న ఒక యజమాని తన ఏజెంట్లకు చెప్పాడు. ఆ విధానం చట్టవిరుద్ధమని 2017లో కోర్టు నిషేధించవలసి వచ్చింది. దానికి ఏడాది ముందు, 2016 ఫిబ్రవరి నుంచి, ఇంగ్లండ్ అంతటా అద్దెకు వచ్చేవాళ్ళ వలస పత్రాలు తనిఖీ చేసే బాధ్యతను చట్టమే ఇంటి యజమానుల మీద పెట్టింది. 1950లలో దుకాణం అద్దానికి అంటించిన కాగితం పోయింది. తలుపు దగ్గర పత్రాలు అడిగే అధికారం వచ్చింది.

విండ్‌రష్ కూలీకీ ఈనాటి మన ఉద్యోగికీ పోలికేమిటని ఒక మిత్రుడు నాతో వాదించాడు. వాదన సబబైనదే. మా అల్లుడు వేడినీళ్ళ పంపున్న ఫ్లాటులో దిగాడు. చీల్చిన గదిలో నలుగురితో పొయ్యి పంచుకోలేదు. జీతం వేరు, వర్గం వేరు. ఆ తేడాను చెరిపేసి అందర్నీ ఒకే బాధితుల జాబితాలో చేర్చటం చరిత్రకు అన్యాయం. అదే భవనంలో దుప్పట్లు మార్చి గదులు తుడిచే స్త్రీలూ వలస వచ్చినవాళ్ళే. వాళ్ళు ఎక్కడ వుంటున్నారని మా అమ్మాయి ఒకామెను అడిగితే, ఒకే గదిలో ఇద్దరు పిల్లలతో వుంటున్నానని చెప్పింది. బేస్‌వాటర్ యజమానురాలూ హాక్నీ ఆయా మళ్ళీ ఒకే తలుపు దగ్గర నిలబడ్డారు. ఈసారి మనవాళ్ళు గుమ్మానికి ఏ వైపున వున్నారో చూసుకోవాలి.

7

ఈ చూపును మన ఊరి మీదికి కూడా తిప్పకపోతే వ్యాసం నిజాయితీగా వుండదు. హైదరాబాదులోనో విజయవాడలోనో 'టు-లెట్' బోర్డు చూసి లోపలికి వెళ్ళిన మనిషిని మొదట అడిగేది పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత మీరేమిట్లు అని. శాకాహారులకు మాత్రమే అనే మాట వెనక కులం, మతం రెండూ దాగివుంటాయి. దళిత కుటుంబం, ముస్లిం కుటుంబం సొంత రాష్ట్రంలోనే బూచీ ఎమెచెతా పాత్రలాగా పేరు దాచుకోవలసి వస్తున్నది. మన దగ్గర కుర్చీ చేసిన పనిని పదకొండు నెలల అగ్రిమెంటు చేస్తుంది. ఏడాది మించిన లీజును రిజిస్టరు చెయ్యాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది గనుక ఒక నెల తగ్గించి రాస్తారు. ఎన్నేళ్ళు కాపురమున్నా కాగితం మీద ఆ కుటుంబం వయస్సు పదకొండు నెలలే. లండన్ యజమానికి ఒక కుర్చీ దొరికింది, మన యజమానికి ఒక నెల దొరికింది.

ఇప్పుడు విదేశాల్లోని తెలుగువాళ్ళ కథలు విరివిగా వస్తున్నాయి. మంచు, ఒంటరితనం, ఊళ్ళోని మామిడిచెట్టు, అమ్మ చేతి పచ్చడి వాటిలో బాగానే కనిపిస్తున్నాయి. ఇల్లు దొరికిన విధం మాత్రం చాలా కథల్లో కనిపించదు. పాత్ర విమానం దిగుతుంది, తర్వాతి పేరాలో ఇంట్లో వుంటుంది. ఆ రెండు పేరాల నడుమ అప్పు, సంతకాలు, చిరునామా కోసం తిరిగిన వారాలు, బడి లేక గదిలో కూర్చున్న పిల్ల, దుప్పట్లు మార్చిన ఆడమనిషి, అందరూ జారిపోతున్నారు. సెల్వన్, లెసింగ్, ఎమెచెతా ఆ నడిమి కాలాన్నే తమ వస్తువుగా తీసుకున్నారు. అందుకే వారి పుస్తకాలు చదివితే ఒక నగరంలో అధికారం ఎవరి చేతిలో వుందో తెలుస్తుంది.

విద్యార్థులకు నేను చేసే మనవి ఇది. వలస కథ చదివేటప్పుడు పాత్రకు ఇల్లు ఎవరిచ్చారు, ఎంతకిచ్చారు, ఎన్నాళ్ళకిచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అని అడగండి. కథలో జవాబు లేకపోతే ఆ లోపం రచయితదా, ఆ ప్రశ్న అవసరమే పడని వర్గానిదా అని కూడా అడగండి. రచయితలైన మిత్రులు ఆ జవాబులు కథలోకి తీసుకురావాలి. సామాన్ల జాబితా మీద పెట్టిన సంతకం దగ్గర నుంచి మొదలుపెట్టినా చాలు, చెప్పవలసిన కథ బోలెడంత వుంది.